కోనసీమలో ఆప్టికల్ ఫైబర్ వ్యవస్థ: స్థాపన, నిర్వహణల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సాంకేతిక వ్యవస్థల చరిత్రను సాధారణంగా ప్రారంభోత్సవాల తేదీల ఆధారంగా రాస్తారు. ఆ వ్యవస్థలు ఆగిపోయిన సందర్భాలకు, వాటిని తిరిగి నడిపించిన పనివారి నైపుణ్యానికి అందులో చోటు తక్కువ. 2016 నుంచి కోనసీమలో విస్తరించిన ఆప్టికల్ ఫైబర్ వ్యవస్థను నిర్వహణ కోణం నుంచి పరిశీలించడం, మరమ్మతుల నమోదు పుస్తకాలను స్థానిక చరిత్రకు ఆధారాలుగా ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కోనసీమ, మోరి, ఆప్టికల్ ఫైబర్, స్విచ్, నిర్వహణ, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, వైనతేయం చీల్చుకొని పారే డెల్టా భూభాగం కోనసీమ. దక్షిణాన బంగాళాఖాతం. ఇక్కడికి ఏ తీగ రావాలన్నా నది దాటాలి. వచ్చిన తీగ నిలవాలంటే గాలివానలను తట్టుకోవాలి. 1996 నవంబరు 6 నాటి తుపాను తూర్పుగోదావరి తీరంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొంది. కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. సరిగ్గా రెండు దశాబ్దాల తర్వాత ఇదే నేలపై ఆప్టికల్ ఫైబర్ అటువంటి స్తంభాలనే ఆధారం చేసుకొని ఊళ్ళలోకి వచ్చింది. కాబట్టి దాని చరిత్రను స్తంభం నుంచే మొదలుపెట్టాలి.

2. మోరితో తొలి అడుగు

రాష్ట్ర విభజన తర్వాత ఇంటింటికీ ఇంటర్నెట్ అందించే లక్ష్యంతో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ ఏర్పడింది. నేలను తవ్వి తీగ పాతడం ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని. అందువల్ల సుమారు 23,000 కిలోమీటర్ల తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. విద్యుత్తు తీగల సరసన వేలాడదీయడానికి లోహం లేని, తన బరువును తానే మోసుకొనే రకం కేబుల్ అనుకూలిస్తుంది.

రాజోలు ప్రాంతంలో, సఖినేటిపల్లి మండలంలోని మోరి జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందిన గ్రామం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన ఆచార్య సోలమన్ డార్విన్ చొరవతో అది స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి వేదికైంది. 2016 డిసెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు అక్కడ ఫైబర్ సేవలను ప్రారంభించారు. మరుసటి ఏడాది డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రవ్యాప్త సేవలను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయల ప్రాథమిక ధరకు ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ మూడూ అందించడం ఈ పథకం ప్రత్యేకతగా ఉండేది.

3. రాగి నుంచి గాజుకు: మారిన బాధ్యత

పాత టెలిఫోన్‌కు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి రాగి తీగ ద్వారానే విద్యుత్తు అందేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. గాజు తీగ కాంతిని మోస్తుంది గాని విద్యుత్తును మోయదు. అందువల్ల సబ్‌స్టేషన్ గదిలోని స్విచ్‌కూ, వినియోగదారుని ఇంట్లోని పెట్టెకూ వేర్వేరుగా కరెంటు కావాలి. ఎక్స్ఛేంజిలో ఒకచోట ఉన్న బ్యాటరీల బాధ్యత ఇలా అనేక గదులకూ ఇళ్ళకూ చెదిరిపోయింది. ‘ఫైబర్ పాడైంది’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు తీగ చెక్కుచెదరక, బ్యాటరీ మాత్రమే నిస్సారమై ఉండే అవకాశం అందుకే ఎక్కువ.

పిడుగు విషయంలోనూ ఇదే తీరు. గాజు ద్వారా పిడుగు విద్యుత్తు ప్రవహించదు. కాని స్విచ్‌కు కరెంటు అందించే తీగ ద్వారా ప్రవేశించి లోపలి పలకలను కాల్చగలదు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూడటం ఫైబర్ నిర్వహణలోనూ ముఖ్యం కావడానికి ఇదే కారణం.

4. లోపనిర్ధారణ: ఒక జ్ఞానపద్ధతి

అనుభవజ్ఞుడైన పనివాడు లోపాన్ని ఒక క్రమంలో వెదుకుతాడు: మొదట కరెంటు, తర్వాత కాంతి, చివరకు సమాచారం. స్విచ్ వెలుగుతోందా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా అన్నది మొదటి ప్రశ్న. తీరప్రాంతపు ఉప్పుగాలి, తేమ ఫ్యాన్ల ద్వారా లోపలికి చేరి లోహపు స్పర్శలను తుప్పు పట్టిస్తాయి. దుమ్ము పేరుకొంటే వేడి బయటకు పోదు.

రెండవది కాంతి. ఇది కంటికి కనబడని పరారుణ కాంతి కాబట్టి పవర్ మీటరుతో కొలవాలి. తీగ కొసలోకి కన్నుపెట్టి చూడటం ప్రమాదకరం. ఒక పోగులోని కాంతిని స్ప్లిటర్ 32 ఇళ్ళకు పంచితే అక్కడే సుమారు 17 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇంటి దగ్గర సాధారణంగా మైనస్ 27 డీబీఎం కంటే తక్కువ కాంతి అందితే పెట్టెపై ఎర్రలైటు వెలుగుతుంది. ప్రతి 3 డెసిబెల్స్ నష్టానికి కాంతి సగమవుతుంది. కాంతి ప్రయాణించే గాజు మధ్యభాగం వ్యాసం సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. కనెక్టరుపై పడిన ధూళికణం దాన్ని కప్పివేయగలదు. అందుకే పరికరాన్ని మార్చే ముందు కొసను శుభ్రం చేసి మళ్ళీ కొలవడం నియమం.

తీగ తెగినట్లయితే ఓటీడీఆర్ అనే పరికరం కాంతిని పంపి, అది తిరిగివచ్చే కాలాన్నిబట్టి దూరాన్ని లెక్కిస్తుంది. అయితే స్తంభాల వద్ద చుట్టిపెట్టిన అదనపు తీగ వల్ల ఆ దూరం, దారి దూరం ఒకటి కావు. తెగినచోటు ఎన్ని మీటర్ల అవతల ఉందో యంత్రం చెబుతుంది. అది ఏ తోటలో, ఏ కాలువ గట్టున ఉందో ఆ ఊరు తెలిసినవాడే చెప్పగలడు. కొబ్బరిమట్ట పడిందా, ఉడుత కొరికిందా, లారీ తగిలిందా అని తేల్చేదీ అతడే. సాంకేతిక జ్ఞానం స్థానిక జ్ఞానంతో కలిసే చోటు ఇది.

5. 2022: రెండు నిశ్శబ్దాలు

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు మార్పు ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో హింస చెలరేగిన తర్వాత మొబైల్ ఇంటర్నెట్‌ను అధికారులు చాలా రోజులు నిలిపివేశారు. జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా గోదావరి వరద వచ్చి లంక గ్రామాలు మునిగాయి. మొదటి సందర్భంలో సేవలు ఆగినది ఉత్తర్వు వల్ల; పరికరాల లోపం వల్ల కాదు. రెండవ సందర్భంలో స్తంభాలను, విద్యుత్తును, మనుషుల రాకపోకలను దెబ్బతీసింది నీరు. రెండు నెలల వ్యవధిలో వచ్చిన ఈ రెండు అంతరాయాలూ వినియోగదారుని తెరపై ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరుచేసి చూపగలిగే సాక్ష్యం ఏ గంటకు ఏది ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరు సరిచేశారు అన్న నమోదు మాత్రమే.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, కోనసీమలో ఫైబర్ చరిత్రను విద్యుత్తు చరిత్ర నుంచి, తుపానుల చరిత్ర నుంచి విడదీయలేం. రెండు, గాజు తీగ వేగాన్ని పెంచినప్పటికీ, కరెంటు లేనివేళ మాట్లాడగలిగే సౌకర్యాన్ని తగ్గించింది. ఆపత్కాలంలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. మూడు, లోపాల నమోదు పుస్తకాలు, కాంతి కొలతల పట్టికలు, పనివారి మౌఖిక కథనాలు భావి చరిత్రకారులకు ప్రాథమిక ఆధారాలు. ఆనకట్ట నీటిమట్టాల లెక్కలను భద్రపరచినట్లే వీటినీ భద్రపరచాలి. మోరిలో సేవలు ఎప్పుడు మొదలయ్యాయో ప్రారంభోత్సవపు తేదీ చెబుతుంది. అవి ఎలా నిలిచాయో మరమ్మతుల పుస్తకమే చెప్పాలి.