చెమటకు బదులు తిండి: ఒక లెక్క పుట్టుపూర్వోత్తరాలు

బరువు తగ్గాలని తిండి తగ్గించుకున్న మనిషి సాయంత్రం గంటసేపు వేగంగా నడిచి వస్తాడు. చేతి గడియారం 300 క్యాలరీలు ఖర్చయ్యాయని చూపిస్తుంది. ఫోనులోని ఆహారపు పద్దు ఆ 300ను ఆ రోజు తినవలసిన కోటాకు జమ చేస్తుంది. జమ అయినదాన్ని తినవచ్చునా, కూడదా?

ఈ ప్రశ్న గడియారంతో పుట్టింది కాదు. పనిచేసిన దేహానికి అదనంగా ఎంత తిండి కావాలన్నది రెండు శతాబ్దాలకు పైగా శాస్త్రజ్ఞులనూ పాలకులనూ తొలిచిన ప్రశ్న. కాకపోతే, మొదట్లో ఆ ప్రశ్న తిండి చాలని కూలివాడి గురించి. ఇప్పుడు తిండి ఎక్కువైన ఉద్యోగి గురించి. కూలివాడి విషయంలో శ్రమను తక్కువగా లెక్కగడితే ప్రాణానికే ముప్పు. ఉద్యోగి విషయంలో సాధారణంగా జరిగే పొరపాటు శ్రమను ఎక్కువగా లెక్కగట్టడం. ఒకరికోసం పుట్టిన లెక్క ఇంకొకరి చేతికి ఎలా వచ్చిందో తెలిస్తే, ఆ 300ను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది.

ఊపిరిని కొలిచినవారు

1782-83 చలికాలంలో పారిస్‌లో లవోసియే, లప్లాస్ కలిసి ఒక గినీపందిని మంచు నింపిన పాత్ర నడుమ ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. అది విడిచిన బొగ్గుపులుసు వాయువుతో ఆ వేడిని పోల్చిచూసి, శ్వాసక్రియ ఒక నెమ్మదైన దహనమేనని నిర్ణయించారు. కొన్నేళ్ళ తరువాత లవోసియే తన సహచరుడు సెగాన్‌నే ప్రయోగవస్తువుగా చేసుకుని, విశ్రాంతిలో, భోజనం తరువాత, బరువులెత్తే పనిలో అతడు పీల్చే ప్రాణవాయువును కొలిచాడు. పని పెరిగినకొద్దీ ప్రాణవాయువు ఖర్చు పెరిగింది.

ఇక్కడ లవోసియే ఒక సామాజిక ప్రశ్న కూడా లేవనెత్తాడు. ఒళ్ళు వంచి పనిచేసే పేదవాడి దేహంలో దహనం ఎక్కువ, కనుక అతనికే తిండి ఎక్కువ కావాలి. కాని సమృద్ధిగా తినేది పనిచేయని ధనికుడు. ఇది ప్రకృతి న్యాయానికి విరుద్ధం కాదా? శ్రమకు తగిన తిండి అన్న భావన శాస్త్రంలోకి వచ్చింది ఈ ప్రశ్నతోపాటే.

ధాత కరువు కూలి

ఆ ప్రశ్న తెలుగు నేలమీద ధాత నామ సంవత్సరపు కరువులో ఎదురైంది. 1876-78 నాటి ఆ కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు, కడప, నెల్లూరు, బళ్ళారి జిల్లాలను పీడించింది. నేటి అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆకలిగొన్నవారు రోడ్లు వేసి, రాళ్ళు కొట్టి, మట్టి తవ్వి కూలి సంపాదించుకోవాలన్నది ప్రభుత్వ విధానం. 1877లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించే ఉద్దేశంతో ఆ కూలిని కోసివేశాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పప్పూ ఉప్పూ వంటి వాటికి కొద్దిపాటి చిల్లర. అంతకుముందు ధాన్యం పౌనున్నర ఉండేది.

ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీనిని బహిరంగంగా ఎదిరించాడు. ఈ తిండితో పనిచేసే దేహం నిలవదనీ, ధాన్యంతోపాటు పప్పుధాన్యాలు కూడా తప్పనిసరనీ అతని వాదన. కూలీల ఒళ్ళు చిక్కిపోవడమే అతను చూపిన సాక్ష్యం. కొద్ది నెలలకే మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని పెంచవలసి వచ్చింది. కాని అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఆనాటి వివాదంలో క్యాలరీల ప్రసక్తి లేదు. నేటి కొలతలో చూస్తే ఒక పౌను బియ్యం, అంటే 454 గ్రాములు, సుమారు 1,600 కిలోక్యాలరీలు. భారత వైద్య పరిశోధన మండలి 2020 అంచనాల్లో బరువైన పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు కావలసింది 3,470. కరువు కూలీల బరువు అంతకన్నా తక్కువే అయినా, ఆ చిల్లర విలువ కలుపుకున్నా, ఆ దూరం పూడేది కాదు. శ్రమకు తిండి జమ చేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా చేదు ఉదాహరణ అక్కరలేదు.

కూలివాడి లెక్క ఉద్యోగి చేతికి

తిండి విలువనూ పని విలువనూ ఒకే కొలమానంలోకి తెచ్చిన ఘనత 19వ శతాబ్దపు చివరి దశకాలది. జర్మనీలో మాక్స్ రుబ్‌నర్ కుక్కలమీద చేసిన పనిని, అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ మనుషులమీద కొనసాగించాడు. కనెటికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో అతను, భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ రోజా కలిసి మనిషి పట్టేంత క్యాలరీమాపక గదిని కట్టారు. ఆ చిన్న గదిలో మనుషులు రోజుల తరబడి ఉండి, తిని, నిద్రించి, కదలని సైకిలు తొక్కారు. తిన్న శక్తీ, వేడిగా పనిగా వెలువడిన శక్తీ దాదాపు సరిపోయాయి. అట్‌వాటర్ ముఖ్య లక్ష్యాలలో ఒకటి, తక్కువ ఖర్చుతో కార్మిక కుటుంబాలకు చాలినంత పోషణ అందే దారి చూపడం.

1918లో కాలిఫోర్నియా వైద్యురాలు లులు హంట్ పీటర్స్ రాసిన ‘డైట్ అండ్ హెల్త్’ ఈ లెక్కను తిరగేసింది. రొట్టెముక్కలని కాక, రొట్టె రూపంలో ఇన్ని క్యాలరీలని ఎంచుకోమని ఆమె మధ్యతరగతి పాఠకులకు నేర్పింది. ఎంత పెట్టాలి అన్న లెక్క ఎంత మానాలి అన్న లెక్కగా మారింది. 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ ఒక పౌను బరువు తగ్గడం 3,500 క్యాలరీల లోటుకు సమానమని రాశాక, దేహమంటే బ్యాంకు ఖాతాయే అన్న భావన స్థిరపడిపోయింది.

జనపనార మిల్లు చెప్పినది

దేహం అంత తేలికైన ఖాతా కాదని సూచించిన తొలి అధ్యయనాల్లో ఒకటి భారతదేశంలో జరిగింది. పోషకశాస్త్రజ్ఞుడు జాన్ మేయర్, పూర్ణిమా రాయ్, కామాఖ్యా ప్రసాద్ మిత్రా కలకత్తా దగ్గరి ఒక జనపనార మిల్లులో 213 మంది తిండినీ బరువునూ పనినీ నమోదు చేసి, 1956లో ఫలితాలు ప్రకటించారు. తేలికపాటి పని నుంచి మోతకూలీల పని దాకా శ్రమ పెరిగినకొద్దీ తిండి పెరిగింది. బరువు మాత్రం దాదాపు ఒకేలా ఉంది. ఆకలే వారికి లెక్క చూసిపెట్టింది. కాని రోజంతా కూర్చునే దుకాణదారులు, పర్యవేక్షకుల వంటివారు తక్కువ తినలేదు. బరువైన పనివారితో సమానంగా తిన్నారు, వారికన్నా బరువుగా ఉన్నారు.

ఇది ఒక్కసారి తీసిన కొలత. వృత్తితోపాటు ఆదాయమూ మారుతుంది కనుక అంతా కదలికకే ఆపాదించలేము. అయినా కుర్చీలో గడిచే జీవితంలో ఆకలి నమ్మదగిన కొలబద్ద కాదన్న సూచన నిలిచింది. ఆ ఖాళీలోకే గడియారం వచ్చింది.

మణికట్టు మీది అంకె

టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ‘మాన్‌పో-కే’ అనే అడుగుల మీటరు అమ్మకానికి వచ్చింది. ఆ పేరుకు అర్థం పదివేల అడుగుల మీటరు. అడుగులు లెక్కించడం సులువు. వాటిని క్యాలరీలుగా మార్చడమే కష్టం. అందుకు వాడే ప్రధాన సాధనం మెట్ అనే ప్రమాణం: విశ్రాంతిలో కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువు, అంటే గంటకు సుమారు ఒక కిలోక్యాలరీ. 2005లో బర్న్ బృందం వందలాదిమందిని కొలిచినప్పుడు ఆ సగటు 2.6 మాత్రమే తేలింది. కొలబద్దే అందరికీ సరిపోలేదు.

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మంది చేత ఏడు రకాల చేతి పరికరాలు ధరింపజేసి పరీక్షించారు. గుండె వేగాన్ని ఆరు పరికరాలు బాగానే చెప్పాయి. క్యాలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనది సగటున 27 శాతం, అన్నిటికన్నా నాసిరకమైనది 93 శాతం తప్పాయి.

పరికరం సరిగ్గానే చెప్పిందనుకుందాం. గంటకు అయిదున్నర కిలోమీటర్ల నడక సుమారు 4.3 మెట్‌లు. 70 కిలోల మనిషికి అది 300. కాని ఆ గంట కూర్చున్నా 70 ఖర్చయ్యేవే. అవి రోజువారీ కోటాలో ఇదివరకే ఉన్నాయి. నడక తెచ్చిన అదనం 230. కొన్ని పరికరాలు ఈ రెండింటినీ విడివిడిగా చూపిస్తాయి; చూడకుండా మొత్తాన్ని జమ చేసుకుంటే ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కవేసినట్టే. కోటా ఎంచుకునేటప్పుడే ‘మధ్యస్థ శ్రమ’ అని నమోదు చేసినవారిది మరీ పెద్ద పొరపాటు. భారత పట్టికలో 65 కిలోల పురుషుడికి కూర్చునే పనికి 2,110, మధ్యస్థ శ్రమకు 2,710. శ్రమకు జమ ఆ 600లోనే పడిపోయింది.

దీనికితోడు దేహం చేసే సర్దుబాటు ఉంది. గుర్తుపట్టగల ఐసోటోపులు కలిపిన నీటిని తాగించి, రోజుల తరబడి శక్తి వ్యయాన్ని గదిలో బంధించకుండానే కొలిచే పద్ధతి 1982 నుంచి మనుషులకు అందుబాటులోకి వచ్చింది. ఆ పద్ధతితో హెర్మన్ పాంట్‌జర్ బృందం 2012లో టాంజానియాలోని హాడ్జా వేటగాళ్ళను పరిశీలించింది. దేహ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, వారి రోజువారీ వ్యయం పాశ్చాత్య నగరవాసులకన్నా ఎక్కువేమీ లేదు. 2021లో 1,754 మంది కొలతలను విశ్లేషించిన మరో బృందం, కదలికలో ఖర్చయ్యే శక్తిలో సగటున 28 శాతాన్ని దేహం ఇతర వ్యయాలను తగ్గించుకుని పూడ్చుకుంటుందని అంచనా వేసింది. ఆ లెక్కన పై 230లో మిగిలేది 165.

పద్దు సరిచూసుకోవడం

రోజుకు 500 క్యాలరీల లోటుతో బరువు తగ్గాలనుకున్న మనిషి గడియారం చూపిన 300ను పూర్తిగా తినేస్తే, ఈ సగటు లెక్కల ప్రకారం రోజుకు 135, వారానికి 945 అదనంగా తిన్నట్టు. వారం మొత్తం లోటు 3,500లో నాలుగో వంతుకు పైగా అలా కరిగిపోతుంది. ‘ఇంత నడిచినా తగ్గడం లేదు’ అన్న నిస్పృహకు చాలా సందర్భాల్లో కారణం సంకల్పలోపం కాదు, ఈ జమలోని తప్పు. కనుక మామూలు నడకకు అసలు జమ వేసుకోకపోవడం, వేసుకున్నా సగానికి మించకపోవడం మంచిది.

అయితే దీనికి రెండో పార్శ్వం ఉంది. మారథాన్‌కు సిద్ధమవుతూ రోజూ గంటల తరబడి పరుగెత్తేవారికి ఈ మితం వర్తించదు. శ్రమకు తగినంత తినని క్రీడాకారుల్లో ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి దెబ్బతినే స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ప్రత్యేకంగా గుర్తించి పేరుపెట్టింది. ఇన్సులిన్ వాడే మధుమేహులకు వ్యాయామం చుట్టూ తినే తిండి చక్కెర పడిపోకుండా చూసే రక్షణ; వారు వైద్యుని సలహా లేకుండా దానిని తగ్గించకూడదు.

తక్కినవారికి నమ్మదగిన సాక్ష్యం కార్నిష్ చూపినలాంటిదే: కాగితం మీది అంకె కాదు, దేహం. వారానికి కొన్నిసార్లు ఒకే వేళకు చూసిన బరువుల సగటును మూడు నాలుగు వారాలపాటు గమనిస్తే, తిండీ నడకా కలిసి నిజంగా ఎంత లోటు తెచ్చాయో తేలుతుంది. బరువు అనుకున్నదానికన్నా వేగంగా పడిపోతూ నీరసం కమ్ముతుంటే తిండి పెంచాలి. కదలకుండా ఉంటే జమను తగ్గించాలి.