వయస్సునకు కొలబద్ద ఏది?

మైపాడు మొదలు తూపిలిపాళెము వరకు గల నెల్లూరు తీరమున, పట్టపువారి పల్లెలలోను యానాదుల గూడెములలోను, రెండు తరముల క్రిందటి పెద్దలను వయస్సెంత అని అడిగినచో అంకె చెప్పెడివారు కారు, గాలివానను చెప్పెడివారు. 1927 నవంబరులో నెల్లూరుపై పడిన తుపాను నాటికి తాను చంకబిడ్డ ననియో, తండ్రికి తోడుగా వలకు పోవుచుంటి ననియో చెప్పినచో, లెక్క వేసికొనుట వినువారి వంతు. అంతకు ముందు తరమువారికి 1876-78 నాటి ధాత కరువు గుర్తు. దీనిని అజ్ఞానమనుట తగదు. తుపానుకు తేదీ కలదు; ఊహించి చెప్పిన అంకెకు ఏ ఆధారమును లేదు.

పంచాంగము తెలిసిన ఇండ్లలో సంవత్సరము పేరు చెప్పెడివారు. 1927-28 ప్రభవ, మరల 1987-88 ప్రభవయే. పేరొకటే యైనను నడుమ అరువది యేండ్లు గలవు. ముఖము చూచినంతనే ఏ ప్రభవయో తెలియును గనుక చిక్కు లేదు. చిక్కంతయు జనాభా లెక్కల వారిది. మనవారు సాధారణముగా నడుచుచున్న ఏటిని చెప్పుదురు. ‘ఇరువదవ ఏడు’ అనగా నిండినవి పందొమ్మిదే. అంకె తప్పక చెప్పవలసి వచ్చినచో ఇరువది, పాతిక, ముప్పది అని గుండు లెక్క చెప్పుదురు. అందుచేత 0, 5 అంకెలతో ముగియు వయస్సుల వద్ద జనము గుట్టలుగా కనబడును.

వైద్యుడు ఈ పనిలోనికి స్వయముగా రాలేదు. చట్టము పిలువగా వచ్చెను. ఇంగ్లండులో 1833 నాటి ఫ్యాక్టరీ చట్టము తొమ్మిదేండ్లు నిండని పిల్లలను నూలు మిల్లులలో పెట్టరాదనెను. కాని వయస్సు రుజువు చేయుటెట్లు? ఎత్తును బట్టి నిర్ణయించిన, కూలి ఆశించు తలిదండ్రులకును యజమానికిని అదే అనుకూలము. ఎడ్విన్ సాండర్స్ అను దంతవైద్యుడు వేయిమందికి పైగా పిల్లల నోళ్ళు పరీక్షించి, ఎత్తు కంటె పండ్లే నమ్మదగిన సాక్ష్యమని 1837లో ప్రకటించెను. మన దేశమున 1881 నాటి ఫ్యాక్టరీ చట్టము ఏడేండ్ల హద్దు పెట్టెను. 1929 నాటి శారదా చట్టము బాలికకు పదునాలుగు, బాలునికి పదునెనిమిది యేండ్లు నిండనిదే వివాహము కూడదనెను. జనన రిజిస్టరులో పేరెక్కని పిల్లల విషయమున ఈ హద్దులు కాగితముపైనే నిలిచినవి.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనిన పిదప ఎముకలు సాక్ష్యమునకు వచ్చినవి. పుట్టిన శిశువు మణికట్టున ఎనిమిది చిన్న యెముకల చోట మృదులాస్థియే యుండును. అది ఒక క్రమములో గట్టిపడుచు, సుమారు పండ్రెండేండ్లకు ఎనిమిదియు కనబడును. పొడవైన యెముకల కొనలు యౌవనమున నడుమ భాగముతో అతుకుకొనును; బాలికలలో ఇది ముందుగా జరుగును. దక్షిణ భారతీయులలో ఈ అతుకు ఏ వయస్సున పడునో ఎం. జె. ఎస్. పిళ్ళై 1936లో ప్రకటించెను. అమెరికాలో గ్రూలిక్, పైల్ అనువారు 1950లో వెలువరించిన చేతి ఎక్స్‌రేల పటము నేటికిని వాడుకలో నున్నది. అయితే అది క్లీవ్‌లాండులోని కలిగిన ఇండ్ల పిల్లల చేతులను చూచి కూర్చినది. చాలినంత తిండి లేని బిడ్డ యెముకలు వెనుకబడును. అట్టి పటముతో పోల్చినచో ఆ బిడ్డ వయస్సు తక్కువగా తేలును. ఎక్స్‌రే కొలుచునది గడిచిన యేండ్లను కాదు, ఎముక పక్వతను.

ఈ భేదమును చూపు ఉదాహరణము నెల్లూరు జిల్లాలోనే కలదు. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అను నలుగురు మదరాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1937లో ప్రకటించిన వ్యాసమునకు ఆధారము అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములే. బావినీటిలోని ఫ్లోరైడు పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు వేసెను. ముప్పది దాటినవారి వెన్నెముకను క్రమముగా బిగించెను. నలువది యేండ్ల రైతు నడుము వంగి, మెడ తిరుగక, డెబ్బదేండ్ల వృద్ధునివలె కనబడును. ఆతని జాతకము ఒక వయస్సు చెప్పును, వెన్నెముక వేరొకటి చెప్పును. శరీరపు వయస్సు, కాలపు వయస్సు వేరని నేడు వైద్యులు చెప్పు మాటను ఆ ఊళ్ళవారు అప్పుడే అనుభవించిరి.

న్యాయస్థానములును ఈ పరిమితి నెరుగును. ఎక్స్‌రే నిర్ణయమున ఇటు రెండేండ్లు, అటు రెండేండ్లు తేడా యుండవచ్చునని 1982లో జయమాల కేసున సుప్రీంకోర్టు పేర్కొనెను. పదునెనిమిది ఒక దినము తప్పినను కారాగారమా, బాలల గృహమా అను తేడా వచ్చు వ్యవహారమున నాలుగేండ్ల వెడల్పు అల్పము కాదు. అందుచేత 2015 నాటి బాలన్యాయ చట్టము, 94వ సెక్షనున, ఎముకల పరీక్షకు చివరి స్థానమిచ్చెను. మొదట చూడవలసినది పాఠశాల యిచ్చిన జన్మదిన పత్రము లేక మెట్రిక్యులేషన్ పత్రము. అవి లేనిచో పురపాలక సంఘము లేక పంచాయతీ యిచ్చిన జనన పత్రము. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టినవారికి జనన ధ్రువపత్రమే ఆధారమని వేరొక చట్టము సవరింపబడినది. అంతకు ముందు పుట్టి, జననము నమోదు కాక బడికి వచ్చిన బిడ్డల తేదీలను మాత్రము, తల్లి చెప్పిన గుర్తును విని, ఎత్తును చూచి, చేర్చుకొనిన ఉపాధ్యాయుడే వేసెను. పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరుగవేసినచో అట్టి పుట్టినదినములు పెక్కులు జూన్, జూలై మాసములలోనే కనబడును.