బొంతకు అడుగున ఫ్లీస్ వేస్తే

ఇంట్లో బొంత కుట్టుకునేటప్పుడు పైకి కనిపించే గుడ్డ గురించి అందరూ ఆలోచిస్తారు. రంగులు, ముక్కలు, అంచులు ఎలా పేర్చాలా అని చూస్తారు. అడుగున వేసే గుడ్డ దగ్గరికి వచ్చేసరికి ఏది దొరికితే అది వేసేస్తారు. కానీ రాత్రంతా ఒంటికి తగిలేది ఆ అడుగు గుడ్డే. వెచ్చదనం, చెమట పీల్చడం, ఉతుకులో తేలికా కష్టమా అన్నవి చాలావరకు దానిమీదే ఆధారపడతాయి. తరతరాలుగా పాత నూలు చీర ఉన్న ఆ చోటికి ఇప్పుడు ఫ్లీస్ వచ్చి చేరుతోంది. బజారులో ‘ఏసీ బ్లాంకెట్’ అని అమ్మే మెత్తటి, తేలికపాటి, నూగు దుప్పటి గుడ్డ అదే.

ఫ్లీస్ అంటే ఇంగ్లిష్‌లో గొర్రె బొచ్చు. ఈ గుడ్డకు మాత్రం గొర్రెతో ఏ సంబంధమూ లేదు. ఇది పూర్తిగా పాలిస్టర్. అంటే మంచినీళ్ల సీసాలు తయారయ్యే ప్లాస్టిక్‌కు స్వయానా తోబుట్టువు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో మాల్డెన్ మిల్స్ అనే కంపెనీ దీన్ని తయారుచేసింది. అల్లిన పాలిస్టర్ గుడ్డను సన్నటి తీగల బ్రష్‌లతో గీకి నూగు లేపుతారు. తర్వాత ఆ నూగును సమానంగా కత్తిరిస్తారు. నూగు మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనాన్నిస్తుంది. మాల్డెన్ మిల్స్ దీనికి పేటెంట్ తీసుకోలేదు. దాంతో ప్రపంచమంతా తయారీ మొదలై ధర పడిపోయింది. 1993లో పటగోనియా కంపెనీ వాడేసిన సీసాల ప్లాస్టిక్‌తోనే ఫ్లీస్ దుస్తులు తేవడం మొదలుపెట్టింది. మన దగ్గర ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపించేది హర్యానాలోని పానిపట్‌లో. విదేశాల నుంచి వచ్చే పాత ఉన్ని బట్టలను చీల్చి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేయడానికి పేరుబడ్డ ఊరది. ఇప్పుడు అక్కడే పాలిస్టర్ దుప్పట్లు ఆ పాత పనిని పక్కకు నెడుతున్నాయి.

ఇంతకూ పాతవాళ్లు అడుగున ఏం వేసేవారు? బెంగాల్ కాంథాలో వాడి వాడి మెత్తబడ్డ తెల్లచీరలు, పంచెలే పైనా కిందా కూడా. కుట్టడానికి దారం సైతం చీర అంచుల నుంచే లాగేవారు. ఉత్తర కర్ణాటకలో సిద్ది మహిళలు కుట్టే కవందిలో ఒక నూలు చీర అడుగున పరుస్తారు. దానిమీద అంచు నుంచి మధ్యకు గుండ్రంగా ముక్కలు పేర్చుకుంటూ వస్తారు. నాలుగు మూలలా ‘ఫూల’ అనే చిన్న మడత ముక్కలు కుట్టకపోతే ఆ కవంది నగ్నంగా ఉన్నట్టే వాళ్ల లెక్క. సింధ్‌లో రల్లీ, బిహార్‌లో సుజనీ, మహారాష్ట్రలో గోధడీ, తెలుగునాట బొంత అన్నీ దాదాపు ఒకే సూత్రం మీద నడిచాయి. రజాయికి దూది కావాలి, దూదేకులవారు ఏకి నింపాలి. బొంతకు అదేమీ అక్కర్లేదు. పాత బట్టల పొరలే దాని కండ. పైసా ఖర్చు లేకుండా ఇంట్లో చలిని ఆపే ఉపాయమది.

ఆ ఉపాయానికి ఆధారం పాత నూలు చీర. ఇప్పుడు చాలా ఇళ్ల బీరువాల్లో ఉన్నవి సింథటిక్ చీరలే. అవి వాడకంతో మెత్తబడవు, చెమట పీల్చవు, సూది కింద జారిపోతాయి. కాబట్టి ఫ్లీస్ వచ్చి నూలు బొంతను చెడగొట్టిందనడం పూర్తి న్యాయం కాదు. నూలు చీర అంతకుముందే ఇల్లు విడిచింది.

ఫ్లీస్ పక్షాన చెప్పాల్సినవీ బలమైనవే. అయిదారు చీరల బొంత రెండు కిలోలకు తగ్గదు. తడిస్తే దాన్ని పిండి దండెం మీద వేయడానికి ఇద్దరు కావాలి. వయసు పైబడిన ఆడవాళ్లు బొంతల్ని వదిలేయడానికి ఈ ఉతుకు కష్టం చిన్న కారణమేమీ కాదు. పైన నూలు ముక్కలు, కింద ఫ్లీస్, మధ్యలో ఏమీ లేకుండా కుడితే బరువు సగానికి పైగా తగ్గుతుంది. నీడలోనే త్వరగా ఆరిపోతుంది. మధ్యపొర పని కూడా ఫ్లీసే చేస్తుంది కాబట్టి దూదిగానీ పాలిస్టర్ పొరగానీ కొననక్కర్లేదు. మామూలు నూలు గుడ్డ పన్నా 44 అంగుళాలకు మించదు, ఫ్లీస్ 58 నుంచి 60 అంగుళాలు వస్తుంది. సింగిల్ మంచం బొంతకు మధ్యలో అతుకే ఉండదు. గజాల లెక్కన దొరకకపోతే 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న రెడీమేడ్ ఫ్లీస్ దుప్పటి తెచ్చుకుని దానిమీదే కుట్టేయవచ్చు.

కుట్టడంలో మాత్రం కొన్ని పట్టించుకోవాలి. నూలు మొదటి ఉతుకుల్లో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుదించుకుపోతుంది, ఫ్లీస్ అసలు కుదించుకుపోదు. నూలు ముక్కల్ని ముందే వేడినీళ్లలో తడిపి ఆరేయకపోతే ఒక్క ఉతుకుతో బొంత ముడతలు పడి మూలలు లేచిపోతాయి. రెండోది సాగుడు. ఫ్లీస్ అల్లిక గుడ్డ, అడ్డంగా సాగుతుంది. నేలమీద పరిచినప్పుడు ముడత లేకుండా ఉంటే చాలు, బిగించి లాగకూడదు. లాగి కుడితే వదిలాక వెనక్కి పోయి పైగుడ్డను గుంజుతుంది. మిషన్ మీదైతే అల్లిక గుడ్డలకు వాడే గుండ్రటి మొన సూది, మూడు మిల్లీమీటర్లకు పైబడ్డ కుట్టు, వీలుంటే రెండు పొరల్నీ సమంగా నడిపించే వాకింగ్ ఫుట్ వాడాలి. చేతికుట్టుకు రన్నింగ్ కుట్టే సరిపోతుంది. మిషన్‌లో బాబిన్ చుట్టూ నూగు పేరుకుంటుంది, మధ్యమధ్యలో దులపాలి. ఫ్లీస్ అంచు పోగులు లేవదు. కాబట్టి నాలుగువైపులా అంగుళంన్నర ఎక్కువ ఉంచి పైకి మడిచి కుడితే వేరే అంచుపట్టీ అక్కర్లేదు. ఇస్త్రీపెట్టె మాత్రం ఫ్లీస్‌ను తాకకూడదు. వేడికి నూగు అణిగి మెరుపు మచ్చలు పడతాయి, అవి మళ్లీ పోవు.

అసలు చిక్కు వాడే చోటుతో వస్తుంది. నూలు తన బరువులో నూటికి ఎనిమిది వంతులకు పైగా గాలిలోని తేమను పట్టి ఉంచగలదు. పాలిస్టర్‌కు అది అర వంతు కూడా లేదు. ఏసీ గదిలో, లంబసింగి లేదా ఆదిలాబాద్ చలిలో ఇది ఇబ్బంది కాదు. విజయవాడలో ఫిబ్రవరి రాత్రికి మాత్రం ఒళ్లంతా చిరచిరలాడుతుంది. అలాంటి ఊళ్లకు పాత దుప్పటో నూలు గుడ్డో అడుగున వేసుకోవడమే మేలు.

నిప్పు విషయం ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. నూలు నిప్పురవ్వ పడితే కాలి మసి అవుతుంది. పాలిస్టర్ కరుగుతుంది, కరిగి చర్మానికి అంటుకుంటుంది. నెగడు పక్కనో, కుంపటి దగ్గరో పడుకునే ఇళ్లలో, బాలింత గదిలో నిప్పులు పెట్టే అలవాటున్న చోట ఫ్లీస్ బొంత వాడకూడదు. పసిపిల్లలకు బహుమతిగా ఫ్లీస్ బొంతలు కుట్టి ఇవ్వడం ఇప్పుడు ముచ్చటైంది. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేచోట బొంతలు, దుప్పట్లు, దిండ్లు ఏవీ ఉంచవద్దన్నది అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచన. కాబట్టి అది బిడ్డను నేలమీద ఆడించడానికి పరిచే గుడ్డగా పనికొస్తుంది, కప్పడానికి కాదు.

ఇక ఉతుకు నీళ్లలో పోయే పోగులు. 2016లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు కిలోల పాలిస్టర్ బట్టల ఉతుకులో దాదాపు 5 లక్షల సన్నటి పోగులు విడుదలవుతాయని లెక్కగట్టారు. అదే ఏడాది శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఫ్లీస్ కోట్లను పరీక్షించారు. ఒక్కో ఉతుకుకు సగటున 1.7 గ్రాముల పోగులు రాలాయి. టాప్‌లోడ్ మిషన్‌లో రాలినవి ఫ్రంట్‌లోడ్ కంటే సుమారు ఏడు రెట్లు ఎక్కువ. నూలు బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది, చివరికి మట్టిలో కలుస్తుంది. ఫ్లీస్ కలవదు. నూలుకు కుట్టేసిన ఫ్లీస్‌ను తిరిగి వేరుచేసి మళ్లీ వాడుకోవడమూ కష్టమే. చన్నీళ్లలో, చేత్తో, అవసరమైనప్పుడే ఉతికితే ఆ నష్టం కొంత తగ్గుతుంది.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో అమ్మ చీరల్ని ముక్కలు చేసి బొంతగా కుట్టించుకునేవారున్నారు. అక్కడి చలికి అడుగున ఫ్లీస్ సబబే. పైన పట్టుచీర అయితే లెక్క మారుతుంది. ఫ్లీస్ సాగినప్పుడల్లా పాత పట్టు కుట్ల దగ్గర చీలుతుంది. పట్టు ముక్కల వెనక ముందుగా పలుచటి నూలు గుడ్డ వేసి కుట్టి, ఆ తర్వాతే ఫ్లీస్‌కు జోడించాలి. జరీ ఉన్న భాగాలను మధ్యలో కాకుండా, తక్కువ మడతపడే అంచుల వైపు ఉంచితే అవి ఎక్కువ కాలం నిలుస్తాయి.