సంచిలోని పేర్లు: ఫ్లోరెన్సు నగరపాలన



దాంతే అనగానే మనకు మూడు లోకాల మహాకావ్యమే జ్ఞప్తికి వస్తుంది. ఆ మహాకవి రెండు నెలలపాటు ఒక నగరాన్ని ఏలిన ఆరుగురిలో ఒకడనీ, ఆ రెండు నెలలకు మూల్యంగా శేషజీవితాన్ని ప్రవాసంలో గడిపాడనీ నేను చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాను. అరువది రోజుల పదవి ఏమిటి? దానికంత శిక్ష ఏమిటి? ఆ ప్రశ్నలే నన్ను మధ్యయుగపు ఫ్లోరెన్సు చరిత్ర వైపు నడిపించాయి.

ఫ్లోరెన్సుకు రాజు లేడు. వంశవైరాలు మాత్రం కావలసినన్ని ఉండేవి. కనుక ఆ పౌరులు తమ పాలనను నమ్మకం మీద గాక అనుమానం మీద నిర్మించుకొన్నారు. న్యాయాధికారియైన 'పొదెస్తా'ను పరనగరం నుండి పిలిపించేవారు. ఊరివాడైతే ఎవరికో ఒకరికి చుట్టమౌతాడు గదా! అతడు తన న్యాయవేత్తలను, లేఖకులను, భటులను వెంటబెట్టుకొని వచ్చేవాడు. గడువు తీరిన పిదప తనపై వచ్చిన ఫిర్యాదులకు సమాధానం చెప్పుకొన్న తరువాతనే ఊరు విడవాలి.

1282లో పాలన వృత్తిసంఘాల చేతికి వచ్చింది. మన ప్రాచీనులు వాడిన 'శ్రేణి' అనే మాట వీటికి చక్కగా సరిపోతుంది. ఉన్ని వర్తకులు, వడ్డీ వ్యాపారులు మొదలుకొని కసాయివారి వరకు ఇరువదియొక్క శ్రేణులు ఉండేవి. వాటి నుండి వచ్చిన 'ప్రియర్లు' రెండు నెలలు కలిసి నివసిస్తూ ఊరేలి దిగిపోయేవారు. 1293 నాటి న్యాయశాసనాలు బలిసిన ప్రభువంశాలను ఈ పదవి నుండి వెలివేశాయి. 1295లో ఆ నిబంధనలు కొంత సడలి, శ్రేణిలో పేరుంటే చాలు, వృత్తి చేయనక్కరలేదన్నారు. దాంతే వైద్యుల, ఔషధ విక్రేతల శ్రేణిలో చేరాడు. కవిగారు మందులు నూరి ఉంటారని నేననుకోను!

1300 జూన్ నడుమ నుండి ఆగస్టు నడుమ వరకు ఆయన ప్రియరు. నగరం నల్లవారు, తెల్లవారు అని రెండు ముఠాలుగా చీలి కొట్టుకుంటున్నది. ప్రియర్లు ఇరుపక్షాల నాయకులనూ వెళ్లగొట్టారు. వారిలో దాంతే ప్రియమిత్రుడు, కవి గ్విదో కవల్కాంతి ఒకడు. ప్రవాసంలో జబ్బుపడి, తిరిగివచ్చి, ఆ ఆగస్టులోనే మరణించాడు. నిష్పక్షపాతానికి ఇంతకంటె ఏమి వెల చెల్లించాలి? 1301 నవంబరులో ఫ్రెంచి రాజు సోదరుడు షార్ల్ అండతో నల్లవారు నగరాన్ని చేజిక్కించుకొన్నారు. 1302 జనవరిలో గుబ్బియో నుండి వచ్చిన పొదెస్తా కాంతే గబ్రియెల్లి దాంతేపై అక్రమార్జన నేరం మోపి, జరిమానా, రెండేళ్ల బహిష్కరణ విధించాడు. మార్చిలో, పట్టుబడితే సజీవదహనమన్నాడు. పక్షపాతం ఉండరాదని తెచ్చుకొన్న పరాయివాడే ముఠాకు కత్తి అయ్యాడు! దాంతే 1321లో రవెన్నాలో కన్నుమూశాడు. ఆ శిక్షను రద్దుచేస్తూ ఫ్లోరెన్సు నగరసభ తీర్మానించింది 2008లో.

1328లో ఎన్నిక పద్ధతి మార్చారు. అర్హులని తేలినవారి పేర్లు చీటీలపై రాసి సంచులలో వేసి, రెండు నెలలకొకసారి తీసేవారు. అర్హత తేల్చేది చిక్కుడు గింజలతో. నల్లది సమ్మతి, తెల్లది నిరాకరణ. నలుపును అశుభమనుకొనే మనకు ఇది విడ్డూరమే.

నేను పాఠశాలలో తరగతి నాయకుణ్ణి చీటీలతోనే ఎంచేవాణ్ణి. ఒకసారి ఒక పిల్లవాని పేరు రెండు చీటీలలో కనబడింది. అప్పటినుండి చీటీ తీసే చేతిని గాక, వేసే చేతిని చూడడం నేర్చుకొన్నాను. ఫ్లోరెన్సు కథా అంతే. ఉన్ని దువ్వే వేలాది కూలీలకు శ్రేణి లేదు, కనుక సంచిలో పేరూ లేదు. 1378లో తిరగబడి సంపాదించుకొన్న శ్రేణి కొన్ని వారాలకే రద్దయింది. 1434లో చీటీలలో అనుకూలుర పేర్లు రావడంతో ప్రవాసం నుండి తిరిగివచ్చిన కోసిమో మెదిచి సంచిని రద్దుచేయలేదు. సంచిలో చీటీలు నింపేవారిని తనవారిగా చేసుకొన్నాడు. ఒక్కొక్క పదవికి కొద్ది పేర్లే మిగిలాయి. ప్రియర్లు మాత్రం రెండు నెలలకొకసారి యథావిధిగా మారుతూనే ఉన్నారు, దాదాపు మరొక శతాబ్దం. 1532లో అలెస్సాండ్రో మెదిచి డ్యూకు అయ్యాక ఆ సంచులతో పని లేకపోయింది.