గచ్చిబౌలిలో ఒక కోచ్: పుల్లెల గోపీచంద్

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటినుంచి మాదాపూర్, గచ్చిబౌలి చరిత్ర అంటే సాఫ్ట్‌వేర్ చరిత్రగానే చదువుతున్నాం. కానీ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు ప్రభుత్వం అకాడమీ కోసం అయిదెకరాలు ఇచ్చింది కూడా ఈ గచ్చిబౌలిలోనే. స్థలం ఉంది, కట్టడానికి డబ్బు లేదు. శీతల పానీయాల ప్రకటన ఆయన అంతకుముందే వద్దన్నారు. చివరకు సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. నిమ్మగడ్డ ప్రసాద్ విరాళం తోడైంది. 2008లో అకాడమీ తెరుచుకుంది. శిష్యురాళ్లు సైనా నెహ్వాల్ లండన్‌లో కాంస్యం (2012), పి.వి. సింధు రియోలో రజతం (2016) తెచ్చారు. కోచ్ వృత్తిని అధ్యయనం చేసేవారికి ఈ పతకాలకన్నా ఆ తాకట్టే పెద్ద ఆధారమని నా అభిప్రాయం. ఎకరం కోట్లు పలికే ఈ ప్రాంతంలో నేడు ఒక కాలేజీ వాలీబాల్ కోచ్‌కు అంత నేల ఎవరిస్తారో విద్యార్థులు ఆలోచించాలి.