రొట్ట, నాచు, వరిచేను

వరి పప్పుజాతి మొక్క కాదు. దాని వేళ్ళకు బుడిపెలు లేవు, గాలిలోని నత్రజనిని తనంతట తాను స్వీకరించే శక్తీ లేదు. అయినప్పటికీ, యూరియా బస్తా పల్లెకు రాకమునుపు తరతరాలుగా అదే మడిలో వరి పండుతూ వచ్చింది. ఇదెట్లు సాధ్యమైనది?

మన రైతు చెప్పే సమాధానం ఒక్కటే: రొట్ట. జనుమో జీలుగో చల్లి, పూతకు వచ్చే వేళకు, అంటే సుమారు 45 దినాలకు, దమ్ములో కలియదున్నేవాడు. డెల్టా మాగాణుల్లో వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర చల్లడం ఆచారం. అది పశువుకు మేత, నేలకు సత్తువ. కారణం అతడెరుగడు, ఫలితం ఎరుగును.

కారణం వెదికిన శాస్త్రజ్ఞులకూ మార్గం సుగమం కాలేదు. పప్పుజాతి పైర్లు నత్రజనిని ఆర్జిస్తాయని 1838లో ఫ్రాన్సు దేశీయుడు బూసంగో చూపాడు. 1850ల చివర ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధకులు దానిని సరిచూడబూని, మట్టిని బాగా కాల్చి మరీ మొక్కలు పెంచారు. మొక్కలు గాలి నుండి నత్రజనిని గ్రహించలేదు. చిత్రమేమంటే, ఆ పని చేసే సూక్ష్మజీవులనే వారు అగ్నికి ఆహుతి చేశారు! చివరకు 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ వేరుబుడిపెల రహస్యం విప్పగా, 1888లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ బాక్టీరియాను వేరుచేశాడు.

జీలుగ సంగతి తేలింది. మరి రొట్ట వేయని మడి మాటేమిటి? దీనికి జవాబు చెప్పినవాడు భారతీయుడే, పి.కె. డే. వరిమడి నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు నత్రజనిని స్థిరపరుస్తుందని 1939లో ఆయన నిరూపించాడు. ఆ నాచులో ఒక రకం అజొల్లా అనే నీటిమొక్క ఆకుల గుల్లల్లో కాపురముంటుంది. వియత్నాం, చైనా రైతులు ఆ అజొల్లాను వరిమళ్ళలో పెంచి బురదలో కలిపేవారు. లోపలి నాచును వారూ చూడలేదు.

కనుక పూర్వులకు సర్వమూ తెలుసుననడం అతిశయోక్తి, ఏమీ తెలియదనడం అపచారం.

1966 తరువాత పొట్టి వరి వంగడాలు వచ్చాయి. ఏడాదికి రెండు పంటలైనచోట రొట్టకు 45 దినాల వ్యవధి కరవైంది, యూరియా చవకైంది, పశువులు తగ్గాయి. యూరియాను పూర్తిగా మానాలని నేననను. ఇందరికి అన్నం పెట్టడంలో దాని పాలు కాదనలేనిది. కాని ఒక తరం చల్లడం మానితే విత్తనంతోపాటు వాడుకా పోతుంది. పిల్లిపెసర నిఘంటువులో మాత్రమే మిగిలే పదం కారాదు. మీ ప్రాంతంలో చల్లే రొట్టపైర్ల పేర్లు ఏవో తెలిసిన మిత్రులు తెలుపగలరు.