సైగాన్ సందులో జానెడు రొట్టె

గోధుమ పంట లేని దేశంలో సందుకో రొట్టె కొట్టు ఉండటం విచిత్రమే. వియత్నాంలో ఉంది. ఒకప్పటి సైగాన్ అయిన హో చి మిన్ సిటీలో పొద్దు పొడవకముందే అద్దాల పెట్టెలున్న తోపుడు బళ్లు రోడ్డు వారన నిలబడతాయి. వాటి పక్కన నాలుగు ప్లాస్టిక్ పీటలు వేస్తే అదే హోటలు. అమ్మేది బాన్ మీ, అంటే వియత్నాం సాండ్‌విచ్. ఫ్రెంచివాళ్లు వెళ్తూ వెళ్తూ వదిలిపెట్టిన కానుక అని దీన్ని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నాకు ఆ మాట రుచించదు. ఫ్రెంచివాళ్లు తెచ్చింది రొట్టె మాత్రమే. దాన్ని సామాన్యుడి నోటికి అందించింది ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన చిన్న వ్యాపారులు.

ఫ్రెంచి సేనలు సైగాన్‌ను పట్టుకున్నది 1859లో. దొరల వెంటే వాళ్ల పొడవాటి బగెట్ రొట్టే వచ్చింది. పిండి ఓడల్లో దిగాలి కాబట్టి ధర ఎక్కువ. దొర ఆ రొట్టెను పళ్లెంలో పెట్టుకుని, పక్కన వెన్న, మాంసం ముక్కలు వేయించుకుని, చాకూ ఫోర్కులతో తినేవాడు. వరి పండించే రైతుకు దాంతో పనేముంది?

కథ మలుపు తిరిగింది 1954లో. మన యానాంలో ఫ్రెంచి జెండా దిగిపోయిందీ ఆ ఏడాదే. జెనీవా ఒప్పందంతో వియత్నాం 17వ అక్షాంశం దగ్గర రెండు ముక్కలైంది. ఉత్తరాది నుంచి లక్షలాది మంది దక్షిణానికి తరలివచ్చారు. వాళ్లలో క్యాథలిక్కులే ఎక్కువ. ఆ వచ్చినవాళ్లలో లె అనే ఇంటిపేరు గల ఒకాయన, ఆయన భార్య కలిసి 1958లో సైగాన్‌లో ఒక చిన్న కొట్టు తెరిచారు. దానికి హనోయి దగ్గరి ఒక పల్లె పేరు, హోవా మా, పెట్టుకున్నారు. మాంసం ఊరబెట్టి నిల్వచేసే ఫ్రెంచి పద్ధతులు వాళ్లకు హనోయిలోనే అలవడ్డాయి.

మొదట పళ్లెంలోనే పెట్టారు. కానీ పొద్దున్నే పనికి పరుగెత్తే కూలీకి, బడికి పోయే పిల్లాడికి కూర్చుని తినే తీరిక ఎక్కడిది? అందుకే రొట్టెను జానెడు చేసి, పక్కన వడ్డించేవన్నీ దాని కడుపులోనే కూరి, కాగితం చుట్టి చేతికిచ్చారు. బాన్ మీకి ఇదే పుట్టుక అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంత పెద్ద నగరంలో ఈ ఆలోచన ఒక్క కొట్టుకే వచ్చి ఉంటుందని నేను గట్టిగా అనలేను గానీ, హోవా మాకు ఆ గౌరవం దక్కడంలో అన్యాయమేమీ లేదు.

దాన్ని తయారుచేసే తీరు చూడాలి. రొట్టెను నిప్పుల మీద వెచ్చబెట్టి పక్క నుంచి చీలుస్తారు. ఒకవైపు కాలేయంతో చేసిన పాటే, మరోవైపు వెన్నో మయొనైజో రాస్తారు. పలుచగా కోసిన పంది మాంసం రెండు మూడు ముక్కలు పరుస్తారు. ఆ పైన చక్కెర, వెనిగర్‌లో ఊరిన క్యారెట్, ముల్లంగి తురుము, కీరదోస చీలిక, కాడలతో సహా కొత్తిమీర, చీల్చిన మిరపకాయ. చివరగా మ్యాగీ సాస్ నాలుగు చుక్కలు. ఇది మనమెరిగిన నూడుల్స్ కాదు, ఆ పేరుతోనే వచ్చే నల్లటి ఉప్పు ద్రావణం. లోపల మాంసం కొంచెమే ఉంటుంది. మనం ముద్దకు ఇంత ఊరగాయ నంజుకున్నట్టు, వాళ్లు రొట్టెకు మాంసం నంజుకుంటారన్నమాట. ధర తగ్గిన కిటుకు కూడా అదే. రొట్టె పైపొర పెళుసుగా, లోపల దూదిలా ఉండటానికి వరిపిండి కలపడమే కారణమని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి ఎక్కువ బేకరీల్లో వాడేది మామూలు గోధుమపిండే. పిండిని బాగా పొంగనిచ్చి, ఆవిరి పెట్టి కాల్చడంలోనే పనితనమంతా ఉంది.

పిండి దొరకడం వెనుక అమెరికా ఉంది. 1960ల్లో మనకు పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ పథకం కింద గోధుమలు వచ్చినట్టే, దక్షిణ వియత్నాంకూ ఆ పథకం కింద సరుకు దిగింది. దొరల రొట్టె పేటపేటకూ చేరడానికి అదీ ఒక కారణం. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయాక రేషన్ రోజులు వచ్చాయి. 1986లో సంస్కరణలు మొదలయ్యాక గానీ చిన్న వ్యాపారులు మళ్లీ ఊపిరి పీల్చుకోలేదు.

ఈలోగా బాన్ మీ సముద్రం దాటింది, మళ్లీ కాందిశీకుల వెంటే. న్యూ ఆర్లీన్స్ తూర్పు శివారులో 1982లో పెట్టిన డాంగ్ ఫూంగ్ బేకరీ, ఆ నగరం గొప్పగా చెప్పుకునే పో బాయ్ సాండ్‌విచ్‌లకు కూడా రొట్టెలు కాల్చి పంపే స్థాయికి ఎదిగింది. 2018లో దానికి జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ గౌరవం దక్కింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పనిచోట్లకు బళ్లమీద తిండి చేరవేసిన మరో లె కుటుంబం 1983లో మొదలుపెట్టిన లీస్ సాండ్‌విచెస్, తర్వాత పెద్ద గొలుసు దుకాణమైంది. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు వేలల్లో ఉండే ప్రాంతమే అది. సిడ్నీలోని కాబ్రామట్టాలోనూ, మెల్‌బోర్న్‌లోని ఫుట్‌స్క్రేలోనూ ఇలాంటి బేకరీలు వీధుల రూపే మార్చేశాయి. 2011లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా బాన్ మీకి చోటిచ్చింది.

హోవా మా ఇప్పటికీ నడుస్తోంది. 1960 నుంచి కావ్ థాంగ్ వీధిలోనే ఉంది. చిన్న పెనాల్లో గుడ్లు చిటపటలాడుతుండగానే తెచ్చి ముందు పెడతారు, పక్కన రొట్టె. అటు వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, అది ఉదయం పూట నడిచే కొట్టు. శాకాహారులైతే ‘చాయ్’ అని రాసున్న వేరే కొట్లు వెతుక్కోండి. అక్కడ ఆ మాటకు టీ అని కాదు, మాంసం లేనిదని అర్థం.